చీమలు రాని బండ

మా ఇంటాయన షుగర్ సంగతి మా అందరికంటే ముందు చీమలకే తెలిసింది.

చౌటుప్పల్‌కు బస్సులో అరగంట దూరం మా ఊరు. మాది నేత ఇల్లు. ముందరి అర్రలో గుంట మగ్గం, ఇంటి వెనక స్నానానికి ఒక పెద్ద బండ. బట్టలు ఉతికేది కూడా దాని మీదే. పక్కనే పాయఖాన కట్టించినా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఆ బండ అంచునే మూత్రం పోసేవాడు. ఎన్ని మాటలు అన్నా అలవాటు మారలేదు. తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, ఎండాకాలంలో ఆ అంచున చీమలు బారులు తీరాయి. పసుపు చల్లాను. వేడినీళ్లు పోశాను. మర్నాడు మళ్లీ వచ్చాయి.

మా అత్త అప్పటికి బతికే ఉంది. కళ్లు సరిగ్గా కనబడకపోయినా వంగి వంగి ఆ బండను చూసి, "మీ మామకు గూడ గిట్లనే అయింది. నా కొడుక్కు చక్కెర బీమారి సొచ్చింది" అంది. చౌటుప్పల్ తీసుకుపోయి రక్తం చూపిస్తే ఆమె మాటే నిజమైంది. రెండు రకాల గోళీలు రాసిచ్చారు. పెద్దది షుగర్‌కు, చిన్నది బీపీకి.

ఆ రోజు నుంచి ఆయన నోటికి తాళం నేనే వేశాను. చక్కెర, బెల్లం రేకు పెట్టెలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. పొద్దున ఒక జొన్నరొట్టె, మాపటికి ఒకటి. చాయ్ చప్పగా. ఆయన ఊరుకునే మనిషి కాదు. పక్కింట్లో పెండ్లి చూపులైతే పిలవకుండానే పోయి లడ్డూ తిని వచ్చేవాడు. ఒకసారి మగ్గం మీద నుంచే కండ్లు తిరుగుతున్నాయని గోల చేస్తే, భయపడి పెట్టె తెరిచాను. గుప్పెడు చక్కెర నోట్లో పోసుకుని, "ఇగ తిరుగుతలేవే" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఆయన మాట ఇక నమ్మకూడదని ఆ రోజే అనుకున్నాను.

మొదట్లో మూడు నెలలకోసారి చౌటుప్పల్ పోయి రక్తం ఇచ్చి వచ్చేవాళ్లం. ఒక పూటంతా లైన్లో నిలబడడం, కాగితం కోసం మళ్లీ పోవడం. రెండు రోజులు మగ్గం ఆగేది, నా ఆసు ఆగేది. ఆసు అంటే, చీర మీద పువ్వు పడడానికి రంగుల్లో ముంచక ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పోయడం. పొద్దంతా చెయ్యి ఊపుతూనే ఉండాలి. దాన్ని వదిలిపెట్టి సూది పొడిపించుకోను పోవడం నాకు దండుగ అనిపించింది. బండ దగ్గర చీమలు ఉండనే ఉన్నాయి. చీమలు ఎక్కువ కనబడితే ఆ రోజు రొట్టె సగానికి తగ్గించేదాన్ని. తక్కువ కనబడితే కొంచెం పెరుగు వేసేదాన్ని. చదివింది మూడో తరగతే అయినా బండను చదవడానికి అది చాలనుకున్నాను.

కొడుకు పట్నంలో పనికి పోతాడు, కోడలు మా దగ్గరే ఉంటుంది. "అత్తమ్మా, ఆరు నెలలాయె, మామను ఒకసారి చూపిద్దాం" అని కోడలు అన్నప్పుడల్లా ఒకటే జవాబు చెప్పేదాన్ని. "డాక్టర్ రక్తం తీసి చెప్పేది చీమలు ఉత్తగనే చెప్తున్నయ్. నువ్వు పోయి అన్నం వార్చు."

ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాక ఒక ఏడాది చూస్తుండగానే చీమలు పలచబడ్డాయి. తర్వాతి ఏడు పూర్తిగా రావడం మానేశాయి. బండ అంచు కడిగిన పళ్లెంలా ఉండేది. నాకు ఎంత గర్వమో. మా వాడకట్టులో షుగర్ ఉన్న ఇళ్లు నాలుగున్నాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు వచ్చి ఎట్ల తగ్గించినవని అడిగితే, కూర్చోబెట్టి మరీ చెప్పాను. నోరు కట్టాలి, బండను చూడాలి, దవాఖానల చుట్టూ తిరగొద్దు అని. బీపీ గోళీ కూడా అప్పుడే మాన్పించాను. తలనొప్పి లేదు, కండ్లు తిరగడం లేదు, ఇంకా ఆ చిన్న గోళీ ఎందుకని. షుగర్ గోళీ మాత్రం మానలేదు. నోరు కట్టిందీ, గోళీ వేసిందీ కలిసే పని చేశాయి కాబట్టి ఆ రెండింటినీ గట్టిగా పట్టుకున్నాను.

చీమలు పోయిన చోట నురుగు మొదలైంది. తెల్లగా, చిన్న చిన్న బుడగలతో, నీళ్లు పోసినా తొందరగా పోని నురుగు. నేను కోడలి మీద పడ్డాను.

"సబ్బు పొడి ఎవరబ్బ సొమ్మని గంతగనం పోస్తున్నవ్? బండంత నురుగే."

"నేను ఇయ్యాల బట్టలే పిండలేదత్తమ్మా."

"మరి నురుగ ఆకాశం నుంచి పడ్డదా?"

ఆ పిల్ల కొంగు దులుపుకుని లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను సబ్బు పొడి డబ్బాను కూడా రేకు పెట్టెలో పెట్టాను. నురుగు ఆగలేదు. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. ఆయన పాదాలు సాయంత్రానికి ఉబ్బి చెప్పులు పట్టకపోతే, గుంటలో కాళ్లు వేలాడదీసి పొద్దంతా తొక్కితే వాపు రాదా అనుకున్నాను. ముఖం కొంచెం నిండుగా అయితే, నా వంటకు ఒళ్లు వచ్చిందనుకున్నాను.

ఒకరోజు పొద్దున పదకొండు గంటల వేళ. నేను ఆసు పోస్తున్నాను. ఆయన గుంటలోంచి పిలిచాడు.

"ఏమే, జర చక్కెర పెట్టు. చేతులు వణుకుతున్నయ్."

"పెడ్త పెడ్త. లడ్డు గూడ చేసి పెడ్త. ముందు ఆ పువ్వు నెయ్యి."

"నిజమే చెప్తున్నా..."

"పోయినసారి గూడ నిజమే చెప్పినవ్."

మళ్లీ మాట రాలేదు. మగ్గం రెండుసార్లు ఆడి ఆగింది. అలిగి కూర్చున్నాడనుకుని నా పని నేను చేసుకున్నాను. ఎంతసేపో చెప్పలేను. పది నిమిషాలో, పావుగంటో. కోడలు మంచినీళ్లు ఇవ్వడానికి పోయి "మామా, మామా" అని అరిచింది. పోయి చూస్తే ఆయన నేసిన బట్ట మీద తల వాల్చి ఉన్నాడు. చెమటకు అంగీ ఒంటికి అతుక్కుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. ఎప్పుడో చనిపోయిన వాళ్ల అన్నను పిలుస్తున్నాడు. నేను రేకు పెట్టె దగ్గరికి ఉరికాను. బొడ్లోంచి తాళంచెవి తీశాను కానీ తొందరలో అది తాళంలోకి పోలేదు. కోడలు నా కోసం ఆగలేదు. పక్కింటికి ఉరికి చక్కెర తెచ్చి నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. ఆ నీళ్లు గొంతు దిగడం చూస్తూ తాళంచెవి పట్టుకుని పెట్టె ముందే ఉండిపోయాను.

ఆటోలో చౌటుప్పల్ పోతే, అక్కడ గ్లూకోజ్ సీసా పెట్టి నల్లగొండ పంపారు. నల్లగొండలో రెండు రోజులు ఉంచుకున్నారు. సీసా ఆపితే చాలు, షుగర్ మళ్లీ పడిపోయేది. మూడో రోజు కిడ్నీల డాక్టరమ్మ వచ్చింది. పెండ్లయి పోయిన మా మనవరాలికంటే ఐదారేళ్లు పెద్దదై ఉంటుంది. ఆయనను గుండె పరీక్షకు తీసుకుపోయారు. కోడలినీ నన్నూ కూర్చోమంది.

"చివరిసారి రక్తం ఎప్పుడు చూపించిన్రు?"

కోడలు నా ముఖం చూసింది. నేనే చెప్పాను. "మూడేండ్లు దాటింది బిడ్డా. చీమలు రావట్లేదని చూపియ్యలే."

"చీమలేంది?"

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కలం పక్కన పెట్టింది.

"చీమలు అబద్ధం చెప్పలేదు పెద్దమ్మా. మూత్రంల చక్కెర నిజంగనే తగ్గింది. కిడ్నీలు మంచిగున్నప్పుడు రక్తంల ఎక్కువైన చక్కెర వాటిల్నుంచి బయటికొస్తది. ఇప్పుడు వాటికి వడపోసే శక్తే తగ్గిపోయింది. అందుకే చక్కెర రాలే, చీమలూ రాలే. మింగిన గోళీ గూడ బయటికి పోక ఒంట్లనే ఉండిపోతుంది. గందుకే అట్ల పడిపోయిండు."

"మరి నురుగ?"

"నురుగొస్తుందా? ఎన్నాళ్ల సంది?"

"ఏడాదిన్నర."

"జల్లెడ చినిగితే పిండితో పాటు పొట్టు గూడ పడ్డట్టు, ఒంట్ల ఉండాల్సిన సత్తువ మూత్రంల పోతుంది, గదే నురుగ. బీపీ గోళీ ఏది? చీటీల ఉంది గద."

కోడలు నెమ్మదిగా చెప్పింది. "తలనొప్పి లేదని మానిపిచ్చినం మేడం." నేను మాన్పించానని అనలేదు. మానిపిచ్చినం అంది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఆ చిన్న గోళీ బీపీకి ఒక్కదానికే గాదు. కిడ్నీలను కాపాడేది గూడ అదే" అంది డాక్టరమ్మ. కాగితం మీద అంకె చూపించింది. క్రియాటినిన్ మూడు దాటి నాలుగుకు దగ్గరలో ఉంది. రెండు కిడ్నీలూ కలిసి వందలో పదిహేడు పాళ్లే పని చేస్తున్నాయట.

నేను అడిగాను. "ఆ మిగిలినయి ఎన్నాళ్లు నడుస్తయ్? మొత్తం ఆగినంకనే గద బిడ్డా ప్రాణానికి భయం?"

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అందరు గట్లనే అనుకుంటరు పెద్దమ్మా. ఇసొంటోళ్లల్ల చానామందికి కిడ్నీ మొత్తం ఆగకముందే గుండె దెబ్బతింటది. నొప్పి గూడ తెలవకపోవచ్చు. గందుకే ఉప్పు, బీపీ, గోళీలు, ఏది గూడ ఒక్క పూట తప్పొద్దు."

బయటికి వస్తే ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నదే?"

"ఉప్పు తగ్గియ్యమన్నది."

"గంత సేపు ఉప్పు గురించేనా?"

"ఆ. చానా తింటున్నవట."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

ఇంటికి వచ్చిన మర్నాడే ఆ నాలుగిళ్లకు పోయాను. నేను చెప్పింది తప్పు, బండను చూడడం మానండి, రక్తం, మూత్రం రెండూ చూపించుకోండి అని చెప్పాను. ఒకామె తలుపు దగ్గరే నిలబెట్టి, "నువ్వే గదనే పోవద్దన్నవ్" అంది. అవును, నేనే అన్నాను. ఇప్పుడు పొమ్మంటున్నాను. ఒక ముసలాయనకు అప్పటికే కాళ్లు ఉబ్బి ఉన్నాయి.

వంట మొత్తం తలకిందులైంది. తొక్కు బంద్, అప్పడం బంద్. పప్పు కొలిచి పెట్టాలి. ఆకుకూర, ఆలుగడ్డ ఉడికించిన నీళ్లు పారబోయాలి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేను ఉడికిన నీళ్లు పారబోసి ఎరగను. మొదటి రోజు గిన్నె పట్టుకుని నిలబడితే కోడలే నా చేతిలోంచి తీసుకుని వంచేసింది. అవన్నీ నేర్చుకున్నాను. నేర్చుకోలేనిది ఒకటే, డాక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పిన ఆ మాటను పక్కన పెట్టడం. ఆయన మగ్గం మీద ఉంటే నా చెవి అక్కడే. చప్పుడు ఆగితే నా చెయ్యి ఆగేది. ఆయన తెగిన దారం ముడి వేసుకునేంత సేపు కూడా ఆగలేకపోయేదాన్ని. ఏదో ఒక వంక పెట్టుకుని పోయి చూసేదాన్ని. "ఏంది, మాటిమాటికి తొంగి చూస్తున్నవ్? కొత్త పెండ్లాంలెక్క" అనేవాడు. "పువ్వు వంకర పోయిందేమోనని" అనేదాన్ని.

తర్వాతి పరీక్షలో అంకె పెరిగింది. డాక్టరమ్మ ఈసారి ఆయన ముందే చెప్పింది. ఎప్పటికైనా యంత్రం మీద రక్తం కడగాల్సి రావచ్చు. దానికి ఇప్పుడే ఎడమచేతి మణికట్టు దగ్గర రెండు నరాలను కలిపి కుట్టాలి. ఆ నరం గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆలస్యం చేస్తే అప్పటికప్పుడు మెడలో గొట్టం వేయాలి, అది ప్రమాదం. కుట్టిన తర్వాత ఆ చేతితో బరువు పని చేయకూడదు.

"ఎడమ చెయ్యేనా?" అన్నాడు ఆయన.

నేతగాడికి రెండు చేతులూ మగ్గానివే. కుడిచేత్తో తాడు గుంజితే అడ్డపోగును మోసే నాడె ఉరుకుతుంది. ఎడమచేత్తో దువ్వెనలాంటి పన్నెను గుద్దితే ఆ పోగు బట్టలో కూర్చుంటుంది. పదేళ్ల వయసు నుంచీ ఆ చెయ్యి అదే పని చేసింది.

ఇంటికొచ్చి మగ్గం ఎక్కాడు. "ఈ పడుగు అయిపోనియ్యి, చూద్దాం" అన్నాడు. పడుగు అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారం, ఏడు చీరలకు సరిపడా. అప్పటికి రెండే అయ్యాయి. ఆ ఒంటితో మిగిలినవి పూర్తి కావాలంటే నాలుగు నెలలు. నేను మొదట అరిచాను. తర్వాత తిండి మానేస్తానని బెదిరించాను. ఆయన నాడె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లు నీ మాటే విన్న. నువ్వు పెట్టిందే తిన్న. చీమల మాట గూడ విన్న. ఇప్పుడు నా చెయ్యి సంగతి నన్ను చూసుకోనియ్యి."

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా అన్నాడు. వంటింట్లోకి పోయి చాలాసేపు పొయ్యి ముందు కూర్చున్నాను. నా మాటకు ఆ ఇంట్లో ఇక బరువు లేదు. డాక్టరమ్మ చెప్పిన గుండె సంగతి చెబితే భయపడి ఒప్పుకుంటాడేమో అనుకున్నాను. చెప్పాక మగ్గం ఎక్కిన ప్రతిసారీ నాలాగే ఆయన కూడా చెవి రిక్కించుకుని కూర్చుంటే? మనిషికి ఆ బతుకు పెట్టలేక ఊరుకున్నాను.

అట్లా పది పన్నెండు రోజులు పోయాయి. రోజూ పొద్దున లేవగానే, ఇవాళ్టితో ఇన్ని రోజులు వృథా అయ్యాయి అని వేళ్లు మడిచేదాన్ని. ఒకరోజు ఆయన స్నానానికి పోయినప్పుడు నేను గుంటలో దిగాను. మా ఇంట్లో ఆడవాళ్లు ఆసు పోస్తారు, నాడెలో పెట్టే దారం కండెలు చుడతారు. గుంటలో దిగేది మగవాళ్లే. నలభై ఏళ్లకు పైగా పక్కన కూర్చుని చూశాను కాబట్టి వస్తుందనుకున్నాను. కాలు ఒకవైపు తొక్కితే చెయ్యి మరోవైపు పోయింది. నాడె ఉరికి కింద పడింది. నాలుగు వేళ్ల మేర నేసేసరికి ఆయన తువ్వాలతో వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఓసి నీ... ఏం చేస్తున్నవే? దిగు!"

"దిగనే దిగిన. ఇంకేడికి దిగాలె?"

"పువ్వు చూడు, ఏనుగు తొక్కినట్టుంది. ఎవడు కొంటడు గీ చీర?"

"నేను కట్టుకుంట. మిగిలినయి గూడ నేనే నేస్త. నువ్వు చెయ్యి కుట్టిచ్చుకో."

"ఐదు చీరలు గిట్లనే నేస్తవా?"

"నువ్వు పక్కన కూసుని చెప్తే జర సక్కగ నేస్త. చెప్పకపోతే గిట్లనే నేస్త."

ఆయన ఆ వంకర పువ్వును వేలితో తడిమి చూశాడు. తర్వాత, "ముందు కాలు సరిగ్గ పెట్టు. ఎడమది కాదు, కుడిది" అన్నాడు. ఆ మాటతో ఒప్పుకున్నాడని నాకు అర్థమైంది. ఆ వారమే నల్లగొండ పోయాం.

ఆ రోజు నాలుగు గంటలు ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నాను. చెయ్యి కోసేటప్పుడు గుండె ఆగితే అనే ఒకటే ఆలోచన. బయటికి తీసుకొచ్చాక నర్సమ్మ కట్టు పైన ఆయన చేతి మీద నా వేళ్లు పెట్టించింది. చర్మం కింద సన్నగా జుమ్మంటోంది, సీసాలో తుమ్మెదను మూసినట్టు. "గిది రోజు పొద్దున చూడాలె అవ్వా. జుమ్మంటున్నంత సేపు ఫికర్ లేదు. ఆగిందా, ఉన్నపళంగ తీస్కరావాలె" అంది.

ఇప్పటికి ఎనిమిది నెలలు. పడుగులో మూడో చీర అయిపోయింది. అందులో నేను నేసిన మొదటి మూర నిజంగానే ఎవరూ కొనరు. ఆయన మగ్గం పక్కన పీట మీద కూర్చుని కుడిచేతిని ఆడిస్తూ నన్ను తిడతాడు. యంత్రం ఇంకా మొదలు కాలేదు. నెలనెలా అంకె ఒకసారి ఆగుతుంది, ఒకసారి పెరుగుతుంది. గుండె మాట ఆయనతో నేను అనలేదు. కోడలిని అడిగి ఎప్పుడో తెలుసుకున్నాడని మొన్ననే తెలిసింది.

నిన్న పొద్దున ఆయన మణికట్టు మీద వేళ్లు పెడితే ఆ జుమ్మనేది లేదు. ఇంకొంచెం పైకి జరిపాను. లేదు. ఆయన కళ్లు మూసుకునే అడిగాడు.

"ఏమే, ఉన్ననా?"

"మాట్లాడకు. చూడనియ్యి."

"లేకపోతే గూడ చెప్పు. చాయ్ పెట్టే పని తప్పుతది నీకు."

నేను రెండో వైపు తిరిగి కూర్చుని, గట్టిగా నొక్కకుండా, నర్సమ్మ చూపించినట్టు మెల్లగా పెట్టాను. దొరికింది. సన్నగా, కానీ ఉంది.

"ఉన్నవ్. లే, ముఖం కడుక్కో."

ఆయన లేచి కూర్చున్నాక కూడా నేను వేళ్లు తీయలేదు.